తరగతి గది నుంచి తెర మీదికి: సూరత్ అధ్యాపకుల లెక్క తేలని అనుభవం

గుజరాత్‌లో తొలి కోవిడ్ కేసులు రెండు 2020 మార్చి 19న నమోదయ్యాయి. వాటిలో ఒకటి రాజ్‌కోట్‌కు, మరొకటి సూరత్‌కు చెందినవి. మూడు రోజుల తరువాత, దేశమంతటా జనతా కర్ఫ్యూ పాటించిన 22వ తేదీన, ఆ రాష్ట్రంలో తొలి కోవిడ్ మరణం కూడా సూరత్‌లోనే సంభవించింది. అప్పటికే కళాశాలల తలుపులు మూతపడ్డాయి. పాఠాలు మాత్రం ఆగకూడదని ఆదేశాలు వెలువడ్డాయి. తరువాతి రెండు విద్యాసంవత్సరాల్లో ఆ నగరంలోని విశ్వవిద్యాలయ అధ్యాపకులు సెల్‌ఫోన్ తెర ముందు కూర్చుని ఏమి నేర్పారు, ఏమి నేర్పలేకపోయారు అన్న ప్రశ్న ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ ముందుకు రావడానికి కారణం ఉన్నది. ఆనాడు అత్యవసరంగా చేసిన ఏర్పాటు ఇప్పుడు శాశ్వత విధానంగా రూపుదిద్దుకుంటున్నది. ప్రతి కోర్సులోనూ నలభై శాతం వరకు ఆన్‌లైన్ బోధనకు అవకాశమిచ్చే మిశ్రమ బోధన ప్రతిపాదనను విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2021 మే నెలలో, రెండవ విడత విజృంభణ సాగుతున్న రోజుల్లోనే, చర్చకు పెట్టింది. 'స్వయం' వేదికలోని కోర్సుల ద్వారా పొందగల క్రెడిట్ల పరిమితిని కూడా ఇరవై నుంచి నలభై శాతానికి పెంచింది. ఈ నిర్ణయాలకు బలమైన ఆధారం ఏదైనా ఉన్నదంటే, అది 2020 నాటి అధ్యాపకుల అనుభవమే. ఆ అనుభవాన్ని మాత్రం సక్రమంగా లెక్కగట్టినవారు తక్కువ.

అంటువ్యాధి సూరత్‌కు కొత్త కాదు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు భయం వ్యాపించినప్పుడు లక్షలాది ప్రజలు రైళ్ళలో, బస్సుల్లో, దొరికిన వాహనంలో నగరం విడిచి వెళ్ళారు. ఆ తరువాత మునిసిపల్ కమిషనర్‌గా వచ్చి, ఆ నగర పారిశుద్ధ్యాన్ని సమూలంగా మార్చినవారు ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు అన్న సంగతి తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 1994లో విద్యాసంస్థలు మూతపడ్డాయి, అంతే. అధ్యాపకుడు ఇంట్లో ఉన్నాడు, విద్యార్థి ఊరికి వెళ్ళాడు. తిరిగి తెరచిన నాడు ఆగిన చోటు నుంచి పాఠం మొదలైంది. పాఠం ఆగిపోయిందని అందరికీ తెలుసు గనుక, ఆ లోటును పూడ్చవలసిన బాధ్యత కూడా అందరికీ తెలుసు. 2020లో జరిగింది వేరు. పాఠం జరిగినట్లు రికార్డులు ఉన్నాయి. కనుక లోటు ఎక్కడున్నదో కాగితం మీద కనిపించదు.

సూరత్‌లోని ఉన్నత విద్య ప్రధానంగా రెండు వేర్వేరు ప్రపంచాలు. ఒకటి సర్దార్ వల్లభ్‌భాయి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ. 1961లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై, జాతీయ సంస్థ స్థాయికి ఎదిగింది. సగం సీట్లు ఇతర రాష్ట్రాల విద్యార్థులకు దక్కుతాయి గనుక అక్కడ తెలుగు విద్యార్థులూ చదువుతారు. రెండవది వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. 1960ల దశకంలో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం సూరత్‌తో పాటు భరూచ్, నవ్‌సారి, వల్సాడ్, తాపి, డాంగ్ తదితర దక్షిణ గుజరాత్ జిల్లాల కళాశాలలకు పెద్ద దిక్కు. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడిగా పేరొందిన సూరత్ కవి నర్మద్ పేరును 2004లో దానికి పెట్టారు. తెలుగువారికి కందుకూరి వీరేశలింగం ఎలాగో గుజరాతీలకు నర్మద్ అలాంటివాడు. వితంతు వివాహాల కోసం పోరాడాడు, పత్రిక నడిపాడు, నిఘంటువు కూర్చాడు. ఆయన కూడా కొంతకాలం ఉపాధ్యాయుడే.

లాక్‌డౌన్ మొదలైన తొలి వారాల్లో ఈ రెండు ప్రపంచాల అధ్యాపకులకూ ఎదురైన చిక్కు ఒక్కటే. శిక్షణ లేదు, సామగ్రి లేదు, వ్యవధి లేదు. ఏ యాప్ వాడాలన్నదానిపై కూడా స్పష్టత లేదు. దేశమంతటా అధ్యాపకులు జూమ్‌కు అలవాటు పడుతున్న తరుణంలోనే, అది సురక్షితం కాదని 2020 ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ హెచ్చరిక జారీ చేసింది. అప్పటికి కొందరు గూగుల్ మీట్‌కు, మరికొందరు మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు మారారు. మరెంతోమంది వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ ప్రతులు, ధ్వని సందేశాలు పంపడంతో సరిపెట్టారు. పుస్తకాల దొంతర మీద ఫోను నిలబెట్టి, గోడకు తగిలించిన చిన్న తెల్లబోర్డు మీద సమీకరణాలు రాసిన గణిత అధ్యాపకులు ఉన్నారు. పడకగదిని తరగతి గదిగా మార్చి, ఫ్యాను చప్పుడు వినిపిస్తున్నదని దాన్ని ఆపి, దక్షిణ గుజరాత్ మే నెల ఉక్కపోతలో గంటసేపు మాట్లాడినవారు ఉన్నారు. యాభై ఏళ్ళు దాటిన ఆచార్యులు తమ పిల్లల దగ్గర స్క్రీన్ షేర్ చేయడం నేర్చుకున్నారు. అందులో నామోషీ పడనివారే ముందుగా గట్టెక్కారని చెప్పాలి.

ఈ ఇబ్బందులన్నీ కొద్ది నెలల్లో సర్దుకున్నాయి. సర్దుకోనిది మరొకటి ఉన్నది. విశ్వవిద్యాలయ అధ్యాపకుడు తరగతిలో పాఠం చెబుతూ ఎదుట ఉన్న ముఖాలను చదువుతాడు. మూడవ వరుసలో ఒకరి కనుబొమ్మ ముడిపడితే ఉదాహరణ మారుస్తాడు. వెనుక బెంచీలో గుసగుస పెరిగితే గొంతు పెంచుతాడు, లేదా కాసేపు ఆగుతాడు. తెర మీద ఆ ముఖాలు లేవు. పేర్లు రాసిన నల్లని గడులు ఉన్నాయి. డేటా ఖర్చవుతుందని కెమెరా ఆపినవారు, ఇల్లు కనిపిస్తుందని ఆపినవారు, అసలు ఫోను పక్కన పెట్టి వేరే పనిలో ఉన్నవారు, అందరూ ఆ నల్లని గడుల్లో ఒకేలా కనిపిస్తారు. 'అర్థమైందా' అని అడిగితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి అర్థం పాఠం అందిందనా, సిగ్నల్ పోయిందనా అన్నది అధ్యాపకుడికి తెలియదు. అధ్యాపకుల అనుభవాలపై వివిధ దేశాల్లో వచ్చిన కథనాల్లో మళ్ళీ మళ్ళీ వినిపించిన ఫిర్యాదు ఇదే. శూన్యంలోకి మాట్లాడుతున్నట్లుండేదని వారు చెప్పారు. యునెస్కో అంచనా ప్రకారం ఆ రోజుల్లో 190కి పైగా దేశాల్లో 150 కోట్లకు మించిన విద్యార్థులు తరగతి గదికి దూరమయ్యారు. కనుక ఈ శూన్యం సూరత్‌కే పరిమితం కాదు. కానీ దక్షిణ గుజరాత్ భౌగోళిక స్వరూపం దానికి మరో పొరను జోడించింది.

సూరత్ నగరంలో వస్త్రాల అంగళ్ళు, వజ్రాల సాన కేంద్రాలు ఉన్న చోట ఇంటర్నెట్ సౌకర్యానికి పెద్ద కొరత లేదు. అక్కడి నుంచి తూర్పుగా సాగి వ్యారా దాటి, సహ్యాద్రి అడవులు కమ్ముకున్న డాంగ్ జిల్లాకు చేరితే పరిస్థితి వేరు. గిరిజనులు అత్యధికంగా ఉన్న జిల్లా అది. విశ్వవిద్యాలయం ఒక్కటే, పాఠ్యప్రణాళిక ఒక్కటే, పరీక్ష ఒక్కటే. విద్యార్థికి అందే సిగ్నల్ మాత్రం ఒక్కటి కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో జరిపిన 75వ విడత సర్వే ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు పట్టణాల్లో సుమారు 42 శాతం, గ్రామాల్లో సుమారు 15 శాతం. కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు నూటికి నాలుగైదుకు మించలేదు. మహమ్మారి వచ్చేనాటికి చవక డేటా వల్ల ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మీద ఆధారపడిన ఇంట్లో రెండు మూడు వీడియో తరగతులు వింటే ఆ రోజుకు డేటా అయిపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఎవరి పాఠం వదులుకోవాలన్నది తల్లిదండ్రుల నిర్ణయం. ఆ నిర్ణయాల్లో ఆడపిల్లల వంతు ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఈ అంతరాన్ని ముందుగానే కొలిచే ప్రయత్నం చేసిన సంస్థల్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒకటి. 2020 వసంతంలో అక్కడి అధ్యాపకులు దాదాపు రెండున్నర వేల మంది విద్యార్థులను ప్రశ్నించారు. నూటికి తొంభై మంది దగ్గర మొబైల్ ఫోను ఉన్నది. ఆన్‌లైన్ తరగతులు వినగలమని చెప్పినవారు మాత్రం 37 శాతమే. ఫోను ఉండటానికీ పాఠం అందడానికీ మధ్యనున్న దూరం ఈ రెండు అంకెల మధ్య ఉన్నది. ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే ఇలా ఉన్నప్పుడు, జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇటువంటి సర్వే ప్రతి విశ్వవిద్యాలయమూ చేసి, దాని ఆధారంగా బోధన రూపొందించి ఉంటే అధ్యాపకుల శ్రమలో చాలా భాగం వృథా అయ్యేది కాదు.

సూరత్‌లోని తెలుగువారి విషయం ఇక్కడ ప్రస్తావించక తప్పదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా మరమగ్గాల పనికి వలస వెళ్ళిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వారిలో పద్మశాలీలు అధికం. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలను సైతం నడుపుతున్నది. కళాశాల మెట్టు ఎక్కేసరికి ఈ పిల్లలు గుజరాతీ, హిందీ, ఆంగ్లాల మధ్య దారి వెతుక్కోవాలి. మగ్గాలు ఆగిపోవడంతో వలస కుటుంబాలు సొంతూళ్ళ బాట పట్టాయి. దేశంలో తొలి శ్రామిక్ రైలు 2020 మే 1న హైదరాబాద్ శివారులోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆ తరువాత సూరత్ నుంచి ఒడిశాకు, ఉత్తరప్రదేశ్‌కు, ఇతర రాష్ట్రాలకు ఇటువంటి రైళ్ళు వరుసగా నడిచాయి. వాటిలో కార్మికులతో పాటు వారి పిల్లలూ ఉన్నారు. ఇటువంటి కుటుంబం నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థికి ఆన్‌లైన్ తరగతి ఒక వరం. వెయ్యి కిలోమీటర్ల దూరంలో, పల్లెలో డాబా మీద కూర్చుని సూరత్ అధ్యాపకుడి పాఠం వినే అవకాశం అంతకుముందు లేదు. అయితే సిగ్నల్ ఉన్నంతవరకే అది వరం. భాష సరిగా పట్టుబడని విద్యార్థి తరగతి గదిలో పక్కవారిని అడిగి తెలుసుకునేవాడు. నల్లని గడిలో పక్కవారు ఉండరు.

అందరికీ నష్టమే జరిగిందని తీర్పు చెప్పడం కూడా సరికాదు. సూరత్ కళాశాలల్లో చదువుతూ పని చేసుకునే విద్యార్థులు ఎప్పుడూ ఉన్నారు. వారిలో ఎందరో రికార్డు చేసిన పాఠాలను రాత్రివేళ వినగలిగారు. ఒకసారి అర్థం కాని భాగాన్ని వెనక్కు తిప్పి మళ్ళీ విన్నారు. తరగతిలో నోరు విప్పని బిడియస్థులు చాట్‌లో ప్రశ్నలు రాశారు. పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలను వీడియో ద్వారా జరుపుకోవచ్చని 2020 ఏప్రిల్ 29 నాటి మార్గదర్శకాల్లో నిధుల సంఘం అనుమతించింది. దానివల్ల దూరప్రాంతాల పరీక్షకులు విమానం ఎక్కకుండానే సిద్ధాంత వ్యాసాన్ని పరిశీలించగలిగారు. మహమ్మారి తగ్గిన తరువాత కూడా ఎంతోమంది అధ్యాపకులు ఈ సౌకర్యాన్ని వదులుకోవడానికి ఇష్టపడలేదు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

సాంకేతిక విద్యలో మాత్రం చిక్కు మరింత లోతైనది. పదార్థాల బలాన్ని పరీక్షించే యంత్రం, రసాయన ప్రయోగశాల, లేత్ యంత్రం ఉన్న వర్క్‌షాపు తెర మీదికి రావు. ప్రభుత్వ చొరవతో దశాబ్దం ముందే మొదలైన వర్చువల్ ల్యాబ్స్ పథకం అప్పటికి అందుబాటులో ఉన్నది. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ కూడా అందులో భాగస్వామి. ఆ అనుకరణ ప్రయోగాలు సూత్రాన్ని వివరిస్తాయి. ఇనుప కడ్డీ విరిగేటప్పుడు చేతికి తెలిసేది మాత్రం చెప్పలేవు. రెండేళ్ళపాటు సరిగా ప్రయోగశాల ముఖం చూడకుండా ఇంజనీర్లయినవారు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. వారికి ఆ లోటును ఎవరు, ఎక్కడ పూడ్చారన్నది పరిశ్రమలకే తెలియాలి.

పరీక్షల వ్యవహారం అధ్యాపకులను మరింత ఇరకాటంలో పెట్టింది. చివరి సంవత్సరం పరీక్షలు సెప్టెంబరు నెలాఖరులోగా తప్పనిసరిగా జరపాలని 2020 జులై 6న నిధుల సంఘం సవరించిన మార్గదర్శకాలు ఇచ్చింది. కొన్ని రాష్ట్రాలు వ్యతిరేకించాయి, విద్యార్థులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పరీక్షలు లేకుండా చివరి సంవత్సరం వారికి పట్టాలివ్వడం కుదరదని, గడువు పొడిగింపు మాత్రం కోరవచ్చని ఆగస్టు 28న న్యాయస్థానం స్పష్టం చేసింది. తీర్పునిచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ ఆర్.సుభాష్ రెడ్డి అంతకుముందు గుజరాత్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. ఆ తరువాత గుజరాత్‌లోని పలు విశ్వవిద్యాలయాలు బహుళైచ్ఛిక ప్రశ్నలతో ఆన్‌లైన్ పరీక్షలకు మళ్ళాయి. మూడు గంటల వ్యాసరూప సమాధానాలు రాయించిన సాహిత్య, చరిత్ర అధ్యాపకులు నాలుగు ఎంపికల్లో ఒకటి గుర్తించే ప్రశ్నలు తయారు చేయవలసి వచ్చింది. విద్యార్థి వాదన ఎలా నిర్మిస్తాడో చూసే అవకాశం అక్కడితో పోయింది. ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలో కాపీ కొట్టడాన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. దాన్ని దాచిపెట్టినంత మాత్రాన మార్కులకు విలువ రాదు.

సూరత్‌కు రెండవ విడత మరింత కఠినమైనది. 2021 జనవరి 11న గుజరాత్‌లో చివరి సంవత్సరం డిగ్రీ, స్నాతకోత్తర తరగతులు ప్రత్యక్షంగా మొదలయ్యాయి. రెండు నెలలకే కేసులు పెరిగాయి. మార్చిలో సూరత్ సహా ఎనిమిది నగరపాలక సంస్థల పరిధిలో ప్రత్యక్ష బోధనను మళ్ళీ నిలిపివేశారు. ఏప్రిల్‌లో ఆ నగరంలోని శ్మశానాలు రాత్రింబవళ్ళు పనిచేశాయి. ఆ వారాల్లోనూ ఆన్‌లైన్ తరగతుల టైమ్‌టేబుళ్ళు ఉన్నాయి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో వారాల వ్యవధిలో పదిమందికి పైగా అధ్యాపకులు కన్నుమూయడంతో, వైరస్ రకాన్ని పరీక్షించవలసిందిగా ఉపకులపతి 2021 మే నెలలో ఐసీఎంఆర్‌కు లేఖ రాయవలసి వచ్చింది. ఆత్మీయుడి అంత్యక్రియల మరునాడు కెమెరా ముందు కూర్చున్న అధ్యాపకులు దేశంలో ఎందరో లెక్కలేదు.

ఖర్చు ఎవరు భరించారన్నది కూడా చర్చకు రాలేదు. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, మైకు, విద్యుత్తు దాదాపు అన్నీ అధ్యాపకుడి జేబు నుంచే వచ్చాయి. శాశ్వత ఉద్యోగులకు అది భారమే గాని భరించగలిగిన భారం. స్వయం ఆర్థిక వనరులతో నడిచే ప్రైవేటు కళాశాలల్లో, గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకుల పరిస్థితి అది కాదు. ఫీజులు వసూలు కాలేదని జీతాల్లో కోతలు పడ్డాయి. తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు బోధకులు ఉపాధి హామీ పనులకు, పండ్ల బండ్లకు మళ్ళిన వార్తలు అప్పట్లో పత్రికల్లో వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. కళాశాలల, విశ్వవిద్యాలయాల తాత్కాలిక అధ్యాపకులు ఆ జాబితాలో లేరు. మహిళా అధ్యాపకులు ఇంట్లోనే తరగతి, ఇంట్లోనే వంట, ఇంట్లోనే పిల్లల ఆన్‌లైన్ బడి అన్నింటినీ ఒకే గడియారం కింద నెట్టుకొచ్చారు. విరామం అన్న మాటకు వారి టైమ్‌టేబుల్‌లో చోటు లేదు.

దూరవిద్య మన దేశానికి తెలియనిది కాదు. తెలుగువారికి మరీ సన్నిహితమైనది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి ఉపకులపతి జి.రామిరెడ్డి తరువాత ఇగ్నో తొలి సారథి అయ్యారు. 1975-76లో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టీవీ పాఠాలు చేర్చిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఈ సంప్రదాయంలో పాఠం తయారీకి నెలలు పట్టేది. రచయిత ఒకరు, సంపాదకుడు మరొకరు, రేడియో పాఠం చదివేవారు ఇంకొకరు. విద్యార్థి సందేహాలకు అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతి ఉండేది. గంటసేపు కెమెరా ముందు మాట్లాడటాన్ని దూరవిద్యగా ఈ సంస్థలు ఎన్నడూ భావించలేదు. 2020లో జరిగింది ఆ కోవకు రాదు. విదేశాల్లోని విద్యావేత్తలు తొలి వారాల్లోనే దాన్ని అత్యవసర దూరబోధన అని వేరుగా పిలిచారు. ప్రణాళికతో కూడిన ఆన్‌లైన్ విద్యతో దాన్ని పోల్చవద్దని హెచ్చరించారు. మన దేశంలో ఆన్‌లైన్ బోధనపై సూచనలకు నిధుల సంఘం నియమించిన కమిటీకి అధ్యక్షత వహించినవారు నాటి ఇగ్నో ఉపకులపతి ఆచార్య నాగేశ్వరరావు. దూరవిద్యను ఎరిగినవారి చేతికే బాధ్యత వెళ్ళింది గాని, అప్పటికే అధ్యాపకులు తమకు తోచిన దారిలో నెట్టుకొస్తున్నారు.

అందువల్ల నలభై శాతం అన్న అంకెను పరిశీలించేటప్పుడు విశ్వవిద్యాలయాలు రెండు సంగతులను విడివిడిగా చూడవలసి ఉంటుంది. ఒకటి, చక్కగా తయారు చేసిన రికార్డు పాఠం విద్యార్థికి ఉపయోగపడుతుందా అన్నది. ఉపయోగపడుతుందని 2020 కూడా చెప్పింది. రెండవది, అధ్యాపకుల నియామకాలు చేయకుండా ఖాళీలను తెరతో కప్పడానికి ఈ అంకె వాడుకోబోతున్నారా అన్నది. అధ్యాపక సంఘాల ఆందోళన ఇక్కడే ఉన్నది, అది నిరాధారం కాదు. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4 కోట్ల 13 లక్షల మంది విద్యార్థులకు సుమారు పదిహేనున్నర లక్షల మంది అధ్యాపకులు ఉన్నారు. ఒక్క రికార్డు పాఠం వేయి మందికి చూపించవచ్చునన్న ఆలోచన ఆర్థిక శాఖలకు ఆకర్షణీయంగా కనిపించడం సహజం. ఆ వేయి మందిలో ఎవరికి అర్థం కాలేదో కనిపెట్టే పని మాత్రం ఎవరో ఒకరు చేయాలి, దానికి జీతం ఇవ్వాలి.

ఆనాటి హాజరు పట్టీలు కళాశాలల దస్త్రాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో లాగిన్ అయినవారంతా హాజరైనవారే. డాంగ్ కొండల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి పది నిమిషాలు విన్నవారు, సూరత్‌లో ఫోను ఆన్ చేసి మళ్ళీ నిద్రపోయినవారు ఆ పట్టీల్లో ఒకే గుర్తుతో ఉన్నారు.